మగ్గాల మోతను మించిన గొంతు

జూన్ 4
మిల్లు వెనక వీధి, రెండో అంతస్తు

చెల్లెమ్మకు,

అన్నయ్య రాస్తున్నాను. ఫోన్లు మూగబోయిన దగ్గర్నుంచి నీకు కబురెలా పంపాలా అని తల బద్దలు కొట్టుకున్నాను. చివరికి దారి దొరికింది. మా భవనం వెనక కాలువలోకి బియ్యం, మందులు తెచ్చే పడవాయన ఉత్తరాలు కూడా పట్టుకెళ్తానన్నాడు. వెనక కిటికీ నుంచి తాడుతో బుట్ట దించుతాం. ఆయన వచ్చేది వారానికోసారి కనుక, వారం సంగతులన్నీ ఒక్క ఉత్తరంలో సర్దాలి. నంబర్లు వేసి రాస్తాను, నవ్వకు.

ఒకటి: లేచినవాళ్ళు. జ్వరంతో పోయి మళ్ళీ లేచి తిరుగుతున్నవాళ్ళని మా వీధిలో అలాగే అంటున్నాం. మీ ఒడ్డున ఏమంటున్నారో తెలియదు. కరిపించుకున్నవాళ్ళు కూడా పోయి లేస్తారు. వాళ్ళకు చూపు మందం, చెవులు మాత్రం పాము చెవులు. చిన్న చప్పుడైనా చాలు, మందగా వచ్చేస్తారు. నిచ్చెన ఎక్కలేరు, నీళ్ళలో దిగితే మునుగుతారు. కొత్తగా లేచినవాళ్ళు కొన్నాళ్ళు మనలాగే నడుస్తారు, మనలాగే కనిపిస్తారు. నోరు ఆడుతుంది గాని మాట ఉండదు. గుర్తుపట్టడానికి అదొక్కటే ఆనవాలు.

రెండు: ఇల్లు. నా మోటారు వైండింగు దుకాణం నుంచి ఇనుప కమ్మీలు మోసుకొచ్చి వీధి తలుపుకి బిగించాను. భవనంలోని కుర్చీల కాళ్ళన్నింటికీ పాత గుడ్డలు చుట్టాం. తలుపుల బందులకు నూనె పెట్టాను.

మూడు: సరుకులు. బియ్యం సరిపడా ఉంది. పురుగు పట్టకుండా ఎండు మిరపకాయలు కలిపాను. నూనె తగ్గించి వాడుతున్నాం. ఉప్పు అవసరానికి మించే ఉంది; ఎందుకు అంత కొన్నానో నాకే తెలియదు.

నాలుగు: ఇరుగుపొరుగు. మూడో అంతస్తు గుమాస్తాగారు మెట్ల మీద అందరినీ కూర్చోబెట్టి, గుసగుసగానే నన్ను నిలదీశారు. "మీ అమ్మగారి గొంతు వీధి మలుపు దాకా వినిపిస్తుందయ్యా. ఆవిడ ఒక్క కేక వేస్తే మనందరి పని సరి. ఆవిడ నోరన్నా కట్టించు, లేదంటే మీ దారి మీరు చూసుకోండి" అన్నారు. ఒళ్ళు మండింది గాని, ఆయన మాటలో అబద్ధం లేదు. వినికిడి లేని మనిషికి తన గొంతు ఎంత పెద్దదో ఎలా తెలుస్తుంది? పూచీ నాదని చెప్పి వచ్చాను.

ఐదు: అమ్మ. క్షేమం. లోపలి గదిలో ఉంచి, తలుపుకి పరుపులు అడ్డం పెట్టాను.

జాగ్రత్త.

అన్నయ్య


జూన్ 11
బస్సు డిపో, డ్రైవర్ల గది

జాబితాల అన్నయ్యకి,

నీ ఉత్తరం చూసి ఏడ్చాను, తర్వాత నవ్వాను, తర్వాత తిట్టాను. ఉప్పుకి కూడా రెండు ముక్కలు రాసిన మహానుభావుడివి, అమ్మకి మాత్రం చివరి నంబరా? "క్షేమం"ట! లోపలి గదిలో పెట్టి పరుపులు అడ్డం పెట్టడం ఏం క్షేమం? తింటోందా? నిద్రపోతోందా? ఆ గదిలో ఒక్కత్తీ ఏం చేస్తోంది? నీతో కాపురానికి ఏ పిల్లా ఎందుకు ఒప్పుకోలేదో ఇప్పుడు అర్థమైంది. పెళ్ళాన్ని కూడా ఐదో నంబరులో పెడతావు నువ్వు.

ఇక్కడ మా ఒడ్డు నిలబడింది. వంతెన మీద కంచె కట్టారు. మా బస్సుల అద్దాలు పీకేసి ఇనుప వల బిగిస్తున్నారు, టైర్ల ముందు రేకులు తగిలిస్తున్నారు. మీ ఒడ్డున మిగిలినవాళ్ళని వీధి తర్వాత వీధిగా తీసుకొస్తారట. నడపడానికి ఎవరెవరు వస్తారని అడిగితే లేచిన చేతులు తక్కువ. నాది లేచింది. అమ్మకి చెప్పు. చెబితే ఏమంటుందో నాకు తెలుసులే. మొదటిసారి బస్సు ఎక్కిన రోజు, "అంత బండి నీ చేతికి ఎవడిచ్చాడే, వాడి కళ్ళు దొబ్బాయా!" అని వీధంతా వినేలా అరిచింది. తిట్లన్నీ ఊరంతటికీ, మెచ్చుకోలు మాత్రం ఒక్కసారి కూడా నా చెవిన పడలేదు. అయినా ఆ అరుపు ఒక్కసారి వినాలని ఉంది అన్నయ్యా.

ఈసారి అమ్మ గురించే రాయి. నంబర్లు లేకుండా.

నీ చెల్లి


జూన్ 18
మిల్లు వెనక వీధి

చెల్లెమ్మకు,

నువ్వు చేయి ఎత్తిన సంగతి రెండుసార్లు చదివాను. నంబర్లు వద్దన్నావు కనుక మానేస్తున్నాను. పడవాయన ఈసారి త్వరపడుతున్నాడు. క్లుప్తంగా రాస్తున్నందుకు ఏమీ అనుకోకు.

అమ్మ గురించి అందరం ఎంత భయపడ్డామో, అంత నిశ్చింతగా ఉన్నాం ఇప్పుడు. గదిలో నుంచి బయటికి తెచ్చేశాను. అరుపులు పూర్తిగా పోయాయి. గొంతు అన్నది బయటికి రావడం లేదు. పిలిస్తే ఎలాగూ పలకదు గాని, నేలను కాలితో తన్నితే చటుక్కున ఇటు తిరుగుతుంది. పొద్దంతా బాల్కనీలో నిలబడి వీధిలోకి చూస్తూ పెదవులు ఆడిస్తూ ఉంటుంది. ఒక్క మాటలో చెప్పాలంటే, అమ్మ మళ్ళీ మిల్లు మనిషి అయిపోయింది.

విడ్డూరం ఏమిటంటే భవనంలోని పిల్లలంతా ఆవిడ చుట్టూ చేరారు. వాళ్ళకీ అదే పట్టుకుంది. మెట్ల మీద వరసగా కూర్చుని, చప్పుడు లేకుండా నోళ్ళు ఆడిస్తున్నారు. గుమాస్తాగారిక్కూడా మొన్నటి నుంచి మొదలైంది.

కుడిచేతి గాయం మానుతోంది. ఆకలి బాగా పెరిగింది.

నువ్వు ధైర్యంగా ఉండు.

అన్నయ్య


జూన్ 25
బస్సు డిపో

అన్నయ్యా,

ఈ ఉత్తరం ఎన్నిసార్లు చింపి రాశానో. నువ్వు కూర్చుని చదువు.

నువ్వు రాసింది నమ్మకూడదనుకుని, పడవాయన్ని అడిగాను. "వెనక కిటికీలో కనపడిందమ్మా మీ అమ్మగారు. నన్నే చూస్తూ నోరాడించింది. శబ్దం లేదు. నాకు ఒళ్ళు జలదరించి తెడ్డేసుకుని వచ్చేశాను" అన్నాడు.

చేతి మీద గాయం ఎప్పుడు అయింది? ఎలా అయింది? అది రాయలేదు నువ్వు. పలకదు, చప్పుడుకి తిరుగుతుంది, మాట లేకుండా నోరాడిస్తుంది, ఆకలి పెరిగింది. లేచినవాళ్ళని గుర్తుపట్టడం ఎలాగో నీ మొదటి ఉత్తరంలో నువ్వే రాశావు కదా! ఆ ముక్కలే అమ్మ గురించి మళ్ళీ రాస్తూ, "నిశ్చింతగా ఉన్నాం" అంటావేంటి? ఆ పిల్లలు కూడానా? ఆ భవనంలో ఇంకా మనిషిగా మిగిలింది నువ్వొక్కడివేనా?

అన్నయ్యా, ఆవిడ మన అమ్మలా కనపడుతుంది. కానీ కాదు. నీకు ఆవిడ తప్ప ఎవరూ లేరని నాకు తెలుసు. అందుకే నీ మనసు ఒప్పుకోవడం లేదు. వెనక కిటికీ నుంచి దిగి పడవెక్కు. దండం పెడతాను, రా.

వచ్చే నెల మొదట్లో మీ వీధి వంతు. బస్సుతో పాటు రక్షక దళం వస్తుంది. ముందు దూరంగా డప్పులు మోగించి లేచినవాళ్ళని అటు మళ్ళిస్తారు. భవనం గేటు దగ్గర ఒక్కొక్కరినీ నిలబెట్టి "ఎవరు?" అని అడుగుతారు. నోరు విప్పి పలికినవాళ్ళు బస్సెక్కుతారు. పలకనివాళ్ళని... ఆ వాక్యం నేను పూర్తి చేయలేను.

ఇంట్లో లేచినవాళ్ళు ఉంటే ముందే చెప్పాలని రూలు. నేను ఇంకా చెప్పలేదు. చెప్పాలి. నోరు రావడం లేదు.

నీ చెల్లి


జూలై 2
మిల్లు వెనక వీధి

పిచ్చి చెల్లీ,

అమ్మ బతికే ఉంది. ముందు ఈ ముక్క చదివి, ఊపిరి పీల్చుకుని, అప్పుడు కిందికి రా.

తప్పు నాది. భవనంలో పసిపిల్లలకు కూడా తెలిసిన సంగతి కనుక నీకూ తెలుసుననుకున్నాను. నీకెలా తెలుస్తుంది? నువ్వు పాలు మానగానే అత్తయ్య ఇంటికి వెళ్ళావు. సెలవుల్లో వచ్చినప్పుడు నీకు వినిపించింది అమ్మ అరుపులే.

మరమగ్గాల షెడ్డులో పక్కనే నిలబడి అరిచినా మాట వినపడదు. అందుకని అక్కడి ఆడవాళ్ళంతా మాట పలకకుండా పెదవులతోనే ఆకారం చూపిస్తారు, దానికి చేతులు తోడు. పెదవిమాట అంటారు దాన్ని. ఆ చివర మగ్గం నుంచి ఈ చివర మగ్గం దాకా కబుర్లు, తగాదాలు, పరాచికాలు అన్నీ సాగిపోతాయి. పిలవాలంటే నేలను తన్నుతారు. అదురు కాళ్ళకు తెలుస్తుంది. అన్నం క్యారేజీ ఇవ్వడానికి వెళ్ళి నేనూ నేర్చుకున్నాను. అమ్మ చెవులు ఆ షెడ్డులోనే పోయాయి. అవి పోయినా పెదవులు చదవడం పోలేదు. ఆ గదిలో కూర్చోబెట్టి నేను పెదవులతో, "అమ్మా, ఊరంతా మగ్గాల షెడ్డు అనుకో" అన్నాను. అంతే. ఆ రోజు నుంచి గొంతు ఎత్తలేదు. ఆవిడే అందరికీ నేర్పింది. ఇప్పుడు మా భవనంలో చీమ నడిచిన చప్పుడు ఉండదు గాని, కబుర్లకు మాత్రం అంతులేదు. గుమాస్తాగారు పెదవులతో కూడా ఉపన్యాసాలే ఇస్తున్నారు. అమ్మ చేతి గాయం డబ్బా మూత గీసుకుని అయింది. ఆకలి అంటావా, మనిషి ఊరికే కూర్చుంటే కదా తగ్గేది!

మొన్న జరిగింది చెబుతాను, విను. సందుకు అవతల ఎదుటి భవనంలో ప్లంబరు, అతని భార్య, ఇద్దరు పిల్లలు చిక్కుకుపోయారు. కింద సందు నిండా లేచినవాళ్ళే. ఆ తల్లి కిటికీలో నిలబడి పిల్లలతో ఏదో గొణుగుతోంది. అంత దూరం నుంచి అమ్మ ఆ పెదవులు చదివింది. "నీళ్ళు అయిపోయాయట" అని నాకు చెప్పింది. మా బాల్కనీ నుంచి వాళ్ళ బాల్కనీకి నిచ్చెన చేరుతుందని నేను కొలత వేశాను. చివరలకు గుడ్డలు చుట్టి, పట్టపగలు, అందరం ఊపిరి బిగబట్టి దాన్ని తోశాం. కింద ఎవడు ఎటు తిరుగుతున్నాడో అమ్మ పైనుంచి చూస్తూ, అరచేయి చూపించి ఆపడం, వేళ్ళు ముడిచి రమ్మనడం. చిన్నపిల్ల మధ్యలోకి వచ్చి బిగుసుకుపోయింది. ఏడుపు ముంచుకొస్తోంది. అమ్మ నిచ్చెన చివర మోకాళ్ళ మీద కూర్చుని, దాని కళ్ళలోకి చూస్తూ, పెదవులతో ఏదో చెప్పడం మొదలుపెట్టింది. ఆ పిల్లకి పెదవిమాట రాదు. అయినా అమ్మ నోటినే చూస్తూ పాకి వచ్చేసింది. నలుగురూ దాటారు. కింద ఒక్క తల కూడా పైకి లేవలేదు. గుమాస్తాగారు అమ్మకు చేతులు జోడించారు. నాకు ఛాతీ ఎంత వెడల్పయిందో నీకు చెప్పలేను.

తర్వాత, పిల్లకి ఏం చెప్పావని అడిగాను. "నా చిన్నది ఏనుగంత బస్సు నడుపుతుంది, నువ్వు నిచ్చెన దాటలేవా అన్నాను" అంది.

నీ ఉత్తరం అమ్మకు చూపించాను. చదివి, "దీనికి బండి నడపడం వచ్చింది గాని బుర్ర నడపడం రాలేదు" అంది. తర్వాత దాన్ని మడిచి దిండు కింద పెట్టుకుంది. ఇంకొకటి చెప్పనా? మెచ్చుకోలు ఎప్పుడూ వినలేదన్నావు. షెడ్డులో నీ ఊసెత్తని రోజు లేదు. నువ్వు మార్కులు తెచ్చుకున్నా, పరుగుపందెంలో గెలిచినా మగ్గం మగ్గానికీ చెప్పేది. అన్నీ పెదవులతోనే. నువ్వు వినే వీలు లేదు.

ఇప్పుడు నాకున్న దిగులు ఒక్కటే. "ఎవరు?" అన్న మాట అమ్మకు వినపడదు. దళం వాళ్ళకు ముందే చెప్పి ఉంచు.

అన్నయ్య


జూలై 5
బస్సు డిపో

అన్నయ్యా,

పడవాయన్ని బతిమాలి మధ్యలో పంపిస్తున్నాను. నీ ఉత్తరం చదివి డిపో అంతా తిరిగి అందరికీ చూపించాను. మా కండక్టరమ్మ "మీ అమ్మకి రాగానే చీర పెట్టాలే" అంది. నన్ను తిట్టు, కొట్టు, నీ ఇష్టం. సంతోషం పట్టలేకుండా ఉన్నాను.

కానీ దళపతి దగ్గర పని కాలేదు. "మా అమ్మకి వినపడదండీ" అన్నాను. ఆయన విసుక్కోలేదు, పాపం. "అమ్మా, ప్రతి ఇంట్లోనూ అదే మాట. అత్తకి వినపడదు, నాన్నకి మాట పడిపోయింది అంటారు. నమ్మి ఎక్కించుకున్న బస్సులో ఏం జరిగిందో నేను కళ్ళారా చూశాను. నోట్లోంచి మాట రావాలి. ఒకరి తరఫున ఒకరు చెప్పకూడదు. బస్సెక్కినవాళ్ళు కిక్కురుమనకూడదు. ఇందులో నేనేం మార్చలేను" అన్నాడు. ఎడం చేయి పైకెత్తి అడుగుతారట. చేయి లేవగానే పలకమని అమ్మకి నేర్పు. రెండుసార్లు అడుగుతారు. మూడోసారి ఉండదు.

నెల రోజులుగా నోరు మూయించావు. ఇప్పుడు తెరిపించు. తొమ్మిదో తారీఖున పొద్దున్నే సిద్ధంగా ఉండండి.

నీ చెల్లి


జూలై 14
పరిశీలన శిబిరం, రెండో షెడ్డు

చెల్లెమ్మకు,

ఇక్కడ ఇంకొన్నాళ్ళు ఉంచుతారట. నీకు కంచె దగ్గరికి కూడా అనుమతి లేదని తెలిసింది. అందుకే మళ్ళీ కాగితం.

తొమ్మిదో తారీఖున స్టీరింగు ముందు నువ్వే ఉంటావని నాకు ముందే ఎందుకు చెప్పలేదు? ఎందుకో తెలుసులే. మేం గేటు దాటకపోతే అది నీ కళ్ళ ముందే జరుగుతుందని మేం దిగులుపడకూడదని. ఇకముందు అలాంటివి దాచకు.

నీ వెనక జరిగిందంతా నీకు కనపడి ఉండదు. నాకు కనపడింది రాస్తాను. మొదట పిల్లలు, తర్వాత ప్లంబరు కుటుంబం, గుమాస్తాగారు. చేయి లేచింది, పలికారు, ఎక్కారు. చివర అమ్మ, ఆవిడ వెనక నేను. అమ్మకు ఎన్నిసార్లు సాధన చేయించానో లెక్కలేదు. పరుపుల గదిలో బాగానే పలికింది.

దళపతి చేయి ఎత్తాడు. "ఎవరు?" అన్నాడు. అమ్మ వెంటనే జవాబు చెప్పింది. పెదవులతో.

వీధిలోకి వచ్చాం కదా. వీధిలో గొంతు ఎత్తకూడదని అమ్మ ఒంటికి పట్టేసింది. పైగా పలికానో లేదో తన చెవికి తెలియదు. చెప్పేశానని నమ్మకంగా, తల ఎత్తుకుని నిలబడింది. మాట లేకుండా ఆడుతున్న నోరు చూసి దళపతి ఒక అడుగు వెనక్కి వేశాడు. పక్కవాడు తుపాకీ ఎత్తాడు. రెండోసారి అడిగాడు. మళ్ళీ పెదవులే. నేను నోరు తెరిస్తే రూలు తప్పినట్టు. నేలను తన్నితే కాల్చేసేవాడు. 

అప్పుడు చూశాను. దళపతి వెనక బస్సు కిటికీల నిండా ముఖాలు. పిల్లలు, వాళ్ళ తల్లులు, గుమాస్తాగారు. ఇనుప వలకు ముక్కులు ఆనించి, అందరూ ఒకేసారి పెదవులు ఆడిస్తున్నారు. ఒక్క చప్పుడు లేదు. "గొంతు! గొంతు ఎత్తు! వినపడలేదు!" గుమాస్తాగారు! నోరు కట్టించమన్న మనిషి! కళ్ళ నీళ్ళు కారుతుండగా "అరవండమ్మా, అరవండి" అంటున్నారు.

అమ్మ వాళ్ళను చదివింది. తర్వాత వాళ్ళ మీదుగా చూపు ముందుకు జరిపింది. అక్కడ నువ్వున్నావు.

మిగిలింది నీకు తెలుసు.

అన్నయ్య


జూలై 17
బస్సు డిపో

అన్నయ్యా,

తెలుసు. అయినా నేనూ రాస్తాను, నీ ఉత్తరాల పక్కన ఉండాలి.

ఇంజను ఆన్‌లో ఉంచి, గేరు వేసి, క్లచ్చి మీద కాలు పెట్టి కూర్చోవాలి. కేబిన్ తలుపు బయటి నుంచి గడియ. వెనక్కి తిరగకూడదు. పక్క అద్దంలో అమ్మ కనపడుతోంది. ఎంత చిక్కిపోయిందో! తుపాకీ లేవడం కూడా ఆ అద్దంలోనే చూశాను. హారన్ మీదికి చేయి వెళ్ళింది. కొడితే వీధి మొత్తం మీదపడుతుందని తెలిసి కూడా కొట్టేసేదాన్నే.

అప్పుడు వినపడింది. ఇంజను మోతని, రేకుల గలగలని, నా గుండె చప్పుడుని అన్నింటినీ తొక్కేసి.

"నేనెవరినా? ఆ బస్సు నడుపుతోంది చూడు, ఆ పిల్ల నా కూతురు! దాని అమ్మని నేను! కనపడటంలే?"

దళపతి తుపాకీని చేత్తో కిందికి నొక్కేశాడు. నువ్వు అమ్మని రెక్క పట్టుకుని లాక్కొచ్చి ఎక్కించావు. ఆ కేకకి సందులన్నీ కదిలాయి. లేచినవాళ్ళు మలుపు తిరిగి వచ్చేసరికి నేను మూడో గేరులో ఉన్నాను. వంతెన దాకా ఎలా నడిపానో అడగకు. బ్రేకు అవసరమైన చోటా కాని చోటా తొక్కాను. మా డిపోలో ఇప్పుడు నన్ను "ఆ అరిచినావిడ కూతురు" అంటున్నారు. నేను సరిదిద్దడం లేదు.

ఒక సంగతి మిగిలిపోయింది. వంతెన మీద కంచె తీసేదాకా ఆగినప్పుడు, లోపలి అద్దంలోంచి అమ్మ నన్నే చూస్తూ పెదవులతో ఏదో అంది. ఒక్కసారి కాదు, రెండుసార్లు. నాకు అర్థం కాలేదు. నిన్ను అడుగుదామనుకున్నాను. తర్వాత రోషం వచ్చింది. ఎదుటింటి చిన్నపిల్లకి వచ్చింది నాకు రాదా? ఈ వారం రోజులూ ఖాళీ బస్సులో కూర్చుని, కండక్టరమ్మని వెనక సీట్లో కూర్చోబెట్టి, అద్దంలో చూస్తూ సాధన చేశాను. ఆవిడ ఒక్కో మాటా పెదవులతో అంటుంది, నేను చదవాలి. అమ్మ పెదవులు నాకు బాగా గుర్తున్నాయి. నిన్న సాయంత్రం తట్టింది.

"బ్రేకు అలా తొక్కుతారా? వెనక ముసలాళ్ళు ఉన్నారు, తెలివిలేనిదానా."

చూశావా అన్నయ్యా? మెచ్చుకోలు ఊరంతా వినేలా అరిచి, తిట్టు మాత్రం నా ఒక్కదానికే వినపడేలా చెప్పింది.

మీరు బయటికొచ్చే రోజు గేటు దగ్గర బస్సు నాదే. అమ్మకి చెప్పు, బ్రేకు మెల్లిగా తొక్కుతానని. వద్దులే, నువ్వు చెప్పకు. నేనే చెప్తాను, అద్దంలోంచి.

అరిచినావిడ కూతురు